గర్భంలో అప్పగింతలు

మూత్రపిండాలు అనగానే మనకి గుర్తుకొచ్చేది వడపోత. రక్తంలో ఉన్న మలినాలని వడగట్టి, నీటితో కలిపి బయటికి పంపించే అవయవాలని చిన్నప్పుడు సామాన్యశాస్త్రం పుస్తకంలో చదువుకున్నాం. ఆ మాట నిజమే కాని, సగం నిజం. ఈ చిక్కుడు గింజల జత వడపోతతో పాటు ఇంకో ఉద్యోగం కూడా చేస్తుంది. రక్తపోటు పడిపోతే రెనిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. ఒంట్లో ప్రాణవాయువు తగ్గితే ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోనుని పంపించి, ఎర్రకణాలు ఎక్కువ తయారు చెయ్యమని ఎముకల్లోని మూలుగకి కబురు పెడుతుంది. ఎండ వల్ల మన చర్మంలో తయారైన డి విటమిన్‌కి తుది మెరుగులు దిద్దేది కూడా ఇదే.

మూత్రపిండాలు చెడిపోయినవాళ్ళకి డయాలిసిస్ యంత్రం వడపోత పని చేసిపెడుతుంది. హార్మోన్లని మాత్రం తయారు చెయ్యలేదు. అందుకే ఆ రోగులు పాలిపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడతారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు బంధువులున్నవాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

మరి తల్లి కడుపులో ఉన్న బిడ్డ మాటేమిటి? అక్కడ మలినాలు వడగట్టే పని బిడ్డ మూత్రపిండాలది కాదు; మాయ ద్వారా అవన్నీ తల్లి రక్తంలోకి వెళ్ళిపోతాయి. అయితే ఆ తొమ్మిది నెలలూ బిడ్డ మూత్రపిండాలు ఖాళీగా కూర్చుంటాయా? హార్మోన్ల ఉద్యోగంలో ఎప్పుడు చేరతాయి? అంతవరకూ ఆ పని ఎవరు చూస్తారు?

నేను వైద్యుణ్ణి కాను. చదివింది ఇంజనీరింగు, బతుకుతెరువు సాఫ్ట్‌వేరు. నడుస్తున్న వ్యవస్థని ఒక్క క్షణం కూడా ఆపకుండా దాని పనిని కొత్త వ్యవస్థకి మార్చడం ఎంత కష్టమో మా వృత్తిలో ఉన్నవాళ్ళకి తెలుసు. పాతది పని చేస్తూనే ఉండాలి, కొత్తది పక్కనే నిలబడి మెల్లిగా అందుకోవాలి, వాడుకునేవాళ్ళకి ఏ తేడా తెలియకూడదు. అలాంటి మార్పు ప్రతి మనిషి ఒంట్లోనూ పుట్టుకకి కాస్త ముందు మొదలై, పుట్టిన కొన్నాళ్ళకి పూర్తవుతుంది. మనుషులు దీన్ని కనిపెట్టిన కథ నూరేళ్ళకి పైబడి సాగింది.

కుందేలు నేర్పిన మొదటి పాఠం

"హార్మోను" అనే మాటని ఇంగ్లండులో స్టార్లింగ్ వాడుకలోకి తెచ్చింది 1905లో. అంతకి ఏడేళ్ళ ముందే, 1898లో, స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో కరోలిన్‌స్కా సంస్థలో పని చేస్తున్న రాబర్ట్ టిగర్‌స్టెట్, ఆయన శిష్యుడు బెర్గ్‌మన్ ఒక ప్రయోగం గురించి ప్రచురించారు. ఒక కుందేలు మూత్రపిండాన్ని నూరి, ఆ రసాన్ని ఇంకో కుందేలు రక్తనాళంలోకి ఎక్కించారు. రెండో కుందేలు రక్తపోటు పెరిగింది. మూత్రపిండం పైపొర నుంచి తీసిన రసానికే ఆ శక్తి ఉంది, లోపలి భాగం రసానికి లేదు. ఆ పదార్థానికి వాళ్ళు రెనిన్ అని పేరు పెట్టారు.

తరవాత ఆ మాటని దాదాపు నలభై ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. 1934లో అమెరికాలో క్లీవ్‌లండ్‌లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండాలకి వెళ్ళే ధమనులని చిన్న బిగింపుతో నొక్కి, వాటికి అధిక రక్తపోటు తెప్పించాడు. అప్పుడు మళ్ళీ అందరికీ రెనిన్ గుర్తుకొచ్చింది. 1939-40 ప్రాంతంలో అమెరికాలో ఇర్విన్ పేజ్ బృందం, అర్జెంటీనాలో బ్రౌన్ మెనెండెజ్ బృందం విడివిడిగా ఒకే సంగతి తేల్చాయి. రెనిన్ తనంతట తాను రక్తపోటుని పెంచదు, అది ఎంజైము. రక్తంలో తిరిగే ఒక ప్రోటీనుని కోస్తుంది, ఆ ముక్క నుంచి తయారయ్యే పదార్థం రక్తనాళాలని బిగిస్తుంది. ఒకరు దానికి ఆంజియోటోనిన్ అని, ఇంకొకరు హైపర్‌టెన్సిన్ అని పేరు పెట్టారు. చివరికి 1958లో ఇద్దరూ రాజీకొచ్చి, చెరో సగం కలిపి ఆంజియోటెన్సిన్ అన్నారు. శాస్త్రజ్ఞుల మధ్య ఇంత మర్యాదగా ముగిసిన పేరు తగాదాలు తక్కువ.

ఎర్రకణాలకి కబురు పంపేదెవరు?

రెండో దారం కొండల్లో మొదలైంది. 1890లో వియో అనే ఫ్రెంచి వైద్యుడు పెరూ దేశంలో ఎత్తయిన కొండ ప్రాంతానికి వెళ్ళినప్పుడు, కొద్ది వారాలలోనే తన రక్తంలో ఎర్రకణాలు పెరిగాయని ప్రకటించాడు. పల్చని గాలి ఎర్రకణాలని ఎలా పెంచుతుంది? 1906లో పారిస్‌లో పాల్ కార్నో, క్లోటిల్డ్ దెఫ్లాండ్ర్ అనే ఇద్దరు, రక్తం తీసేసిన కుందేళ్ళ సీరాన్ని మామూలు కుందేళ్ళకి ఎక్కించి, వాటిలో ఎర్రకణాలు పెరిగాయన్నారు. అంటే రక్తంలో ఏదో కబురు తిరుగుతోందన్నమాట. ఇతరులు చేసి చూస్తే అది నిలకడగా రుజువు కాలేదు, మళ్ళీ కొన్ని దశాబ్దాల నిశ్శబ్దం.

1948లో ఫిన్లాండుకి చెందిన బోన్స్‌డార్ఫ్, యాలవిస్తో అనే ఇద్దరు స్త్రీలు ఆ కబురుకి ఎరిత్రోపొయిటిన్ అని పేరు పెట్టారు. 1950లో రైస్‌మన్ రెండు ఎలుకల రక్తప్రవాహాలని కలిపి కుట్టి, ఒకదానికే పల్చని గాలి ఇచ్చాడు. రెండింటి మూలుగలోనూ ఎర్రకణాల ఉత్పత్తి పెరిగింది. ఇక సందేహం లేదు. కబురు రక్తంలోనే ఉంది. మరి పంపించే ఊరేది?

1957లో చికాగోలో లియోన్ జేకబ్‌సన్, యూజీన్ గోల్డ్‌వాసర్ బృందం దానికి మేము ప్రోగ్రాములో తప్పు వెతికే పద్ధతినే వాడింది. ఎలుకలలో ఒక్కొక్క అవయవాన్నీ తీసేస్తూ, ఏది తీస్తే కబురు ఆగిపోతుందో చూశారు. చాలా అవయవాలు తీసినా కబురు వెళ్తూనే ఉంది. మూత్రపిండాలు తీసినప్పుడు మాత్రం ఆగిపోయింది. ఆ తరవాత గోల్డ్‌వాసర్ ఆ హార్మోనుని శుద్ధి చెయ్యడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. చివరికి దారి చూపినది జపానులో మియాకె అనే వైద్యుడు. ఆయన రక్తహీనత రోగుల దగ్గర సేకరించిన 2,550 లీటర్ల మూత్రం నుంచి 1977లో కొన్ని మిల్లీగ్రాముల హార్మోను శుద్ధంగా బయటపడింది. దాని ఆధారంగా జన్యువు దొరికి, 1989లో అమెరికాలో మందుగా అనుమతి పొందింది. డయాలిసిస్ రోగులకి ఇచ్చే ఆ సూదిమందు వెనక ఇంత కథ ఉంది.

గొర్రె కడుపులో దొరికిన జవాబు

ఇహ అసలు ప్రశ్నకి వద్దాం. పెద్దవాళ్ళలో ఎరిత్రోపొయిటిన్ మూత్రపిండాల నుంచి వస్తుందని తేలింది కదా, కడుపులోని బిడ్డకి కూడా అంతేనా? తల్లి దగ్గర నుంచి అందుతుందనుకోవడానికి లేదు, ఆ హార్మోను మాయని దాటదు. బిడ్డకి కావలసినది బిడ్డే చేసుకోవాలి.

1977లో ఇస్మాయిల్ జంజాని బృందం గొర్రెల మీద చేసిన ప్రయోగాలని ప్రకటించింది. గర్భంలో ఉన్న గొర్రెపిల్లకి శస్త్రచికిత్స చేసి మూత్రపిండాలు తీసేశారు. రక్తం తగ్గించి చూస్తే, మూత్రపిండాలు లేకపోయినా ఎరిత్రోపొయిటిన్ పెరిగింది! కాలేయంలో ఎక్కువ భాగం తీసేసినప్పుడు మాత్రం పెరగలేదు. అంటే పుట్టకముందు ఈ ఉద్యోగం కాలేయానిది. 1981లో అదే బృందం మార్పు ఎప్పుడు జరుగుతుందో కూడా చెప్పింది. గొర్రెల్లో అది గర్భం చివరి మూడో వంతులో మొదలై, పుట్టిన సుమారు నలభై రోజులకి పూర్తవుతుంది. ఒక్క రోజులో జరిగే మార్పు కాదు. కొన్నాళ్ళు రెండు అవయవాలూ కలిసి పనిచేస్తాయి.

మనుషుల్లోనూ అంతేనా? మనుషుల మీద అలాంటి ప్రయోగం చెయ్యలేం. కాని ప్రకృతి అప్పుడప్పుడు ఒక విషాదం ద్వారా జవాబు చెబుతుంది. రెండు మూత్రపిండాలూ లేకుండా ఏర్పడే బిడ్డల గురించి 1946లో చికాగోలో ఈడిత్ పాటర్ అనే వైద్యురాలు వివరంగా రాశారు. ఆ బిడ్డలు పుట్టాక బతకరు. అయితే అలాంటి బిడ్డల రక్తాన్ని పరీక్షించి 1990లో ప్రకటించిన ఫలితాల్లో, వాళ్ళ ఎరిత్రోపొయిటిన్ తక్కువగా లేదు, ఎర్రకణాల ఉత్పత్తీ కుంటుపడలేదు. మూత్రపిండాలే లేని బిడ్డకి రక్తహీనత లేదు. తరవాత 1998లో మానవ శిశువుల కణజాలాన్ని పరిశీలించినవాళ్ళు, గర్భంలో కాలేయానిదే పెద్ద వాటా అనీ, 30 వారాలు దాటాక మూత్రపిండం వాటా పెరుగుతుందనీ చూపించారు. మనవాళ్ళు ఏడో నెలలో సీమంతం చేస్తారు కదా, సుమారుగా ఆ రోజుల్లోనే లోపల ఈ అప్పగింతలు మొదలవుతాయన్నమాట.

ఒకే జన్యువు, రెండు మీటలు

కాలేయం, మూత్రపిండం రెండూ చదివేది ఒకే జన్యువుని. ఏ అవయవంలో ఎప్పుడు చదవాలో ఎవరు చెబుతారు? 1991లో గ్రెగ్ సెమెంజా బృందం మనిషి ఎరిత్రోపొయిటిన్ జన్యువుని, దాని చుట్టుపక్కల డి.ఎన్.ఏ. ముక్కలతో సహా ఎలుకల్లో పెట్టి చూసింది. జన్యువుకి ఒక చివర దగ్గర ఉన్న భాగం కాలేయంలో పని చేయిస్తోంది. రెండో వైపు, వేల అక్షరాల దూరంలో ఉన్న వేరే భాగం మూత్రపిండంలో పని చేయిస్తోంది. ప్రోగ్రాము ఒక్కటే, దాన్ని నడిపించే మీటలు రెండు. ఈ పరిశోధనే ముందుకి సాగి, కణాలు ప్రాణవాయువు కొరతని ఎలా పసిగడతాయో బయటపెట్టింది. ఆ పనికి సెమెంజాకీ, కేలిన్, రాట్‌క్లిఫ్‌లకీ 2019లో నోబెల్ బహుమానం వచ్చింది.

అయితే రెండు అవయవాల స్వభావం ఒకటి కాదు. కాలేయం కాస్త నిదానం. ప్రాణవాయువు బాగా తగ్గితే గాని గట్టిగా స్పందించదు. మూత్రపిండం చురుకు. గర్భంలో ఈ నిదానమే మేలేమోనని ఒక వివరణ ఉంది. కడుపులో బిడ్డ రక్తంలో ప్రాణవాయువు మామూలుగానే మనకంటే చాలా తక్కువ. అక్కడ చురుకైన అవయవం కాపలా ఉంటే, అనుక్షణం కంగారుపడి ఎర్రకణాలు పెంచేసి రక్తాన్ని చిక్కబరిచేస్తుంది.

తల్లికి మధుమేహం ఉండి, అది అదుపులో లేనప్పుడు ఇలాంటిదే జరుగుతుంది. తల్లి చక్కెర మాయ దాటి వెళ్తుంది, బిడ్డలో ఇన్సులిన్ పెరుగుతుంది, ప్రాణవాయువు వాడకం పెరిగి కొరత వస్తుంది, ఎరిత్రోపొయిటిన్ ఎక్కువై పుట్టేసరికి రక్తం చిక్కగా ఉంటుంది. గర్భిణీ మధుమేహం మన దక్షిణాసియా స్త్రీలలో ఎక్కువ అన్నది ఇక్కడి వైద్యులందరికీ తెలిసినదే. ఆ చక్కెర పరీక్ష వద్దని తప్పించుకోకూడదని చెప్పడానికి ఇదొక కారణం.

తొందరపడి పుట్టిన బిడ్డ

అప్పగింతలు పూర్తికాకుండానే బిడ్డ బయటికి వచ్చేస్తే? నెలలు నిండిన బిడ్డకైనా పుట్టగానే ఊపిరితిత్తులు తెరుచుకుని ప్రాణవాయువు పుష్కలంగా అందడంతో ఎరిత్రోపొయిటిన్ పడిపోతుంది. రెండు మూడు నెలలకి హిమోగ్లోబిన్ అట్టడుగుకి దిగి, తరవాత తనంతట తానే పెరుగుతుంది. దానికి మందక్కర్లేదు. కాని 26, 28 వారాలకే పుట్టిన బిడ్డ సంగతి వేరు. ఆ బిడ్డ కాపలాదారు ఇంకా ఆ నిదానమైన కాలేయమే. రక్తం తగ్గిపోతున్నా తగినంత గట్టిగా కబురు పంపదు. పైగా కిలో బరువున్న బిడ్డ ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపితే 80 నుంచి 100 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసెడు. పరీక్షల కోసం రోజూ తీసే కొద్ది చుక్కలు కూడా అందులో లెక్కలోకి వస్తాయి. అందుకే ఆ పసికందులకి రక్తం ఎక్కించవలసి వస్తుంది.

హార్మోనునే సూదిమందుగా ఇస్తే సరిపోదా అని 1990 దశకంలో ఎన్నో పరీక్షలు జరిగాయి. రక్తం ఎక్కించవలసిన అవసరం కొంత తగ్గింది గాని, తీరిపోలేదు. పెద్ద మోతాదులో ఇస్తే మెదడుకి కూడా రక్షణ దొరుకుతుందని ఆశపడ్డారు. అమెరికాలో 28 వారాల లోపు పుట్టిన 941 మంది శిశువులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. రెండేళ్ళ వయసుకి చూస్తే ఆ ప్రయోజనం కనబడలేదు. ఖర్చు లేని ఉపాయం ఒకటి మాత్రం నిలిచింది. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు కోసెయ్యకుండా కాసేపు ఆగితే, మాయలో మిగిలిన రక్తం బిడ్డకి చేరుతుంది. ఊపిరి పోయవలసిన అత్యవసరం లేకపోతే కనీసం ఒక నిమిషం ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

రెనిన్ తోవ వేరు

ఎరిత్రోపొయిటిన్ విషయంలో మూత్రపిండం ఆలస్యంగా ఉద్యోగంలో చేరుతుంది. రెనిన్ విషయంలో దానికి పూర్తిగా భిన్నం. బిడ్డ మూత్రపిండాలు తయారవుతూనే రెనిన్ పని మొదలుపెడతాయి. పుట్టకముందు, పుట్టిన కొత్తలో రక్తంలో రెనిన్ చురుకుదనం పెద్దవాళ్ళకంటే ఎక్కువ. ఆ కణాలు మొదట్లో మూత్రపిండం లోపలి ధమనుల పొడుగునా పరుచుకుని ఉంటాయి. అవయవం పెరిగేకొద్దీ వెనక్కి తగ్గుతూ, చివరికి ప్రతి వడపోత గుచ్ఛం ముంగిట్లో, కాపలావాడి గదిలాంటి చిన్న చోటుకి పరిమితమవుతాయి. వర్జీనియాలో ఏరియల్ గోమెజ్ బృందం 1980ల నుంచి ఈ ప్రయాణాన్ని వివరిస్తూ వచ్చింది. పెద్దయ్యాక రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతే, ఆ ధమనుల కణాలు పాత విద్య గుర్తుతెచ్చుకుని మళ్ళీ రెనిన్ చేస్తాయట.

కడుపులో అంత రెనిన్ ఎందుకు? జవాబు ఒక మందు ద్వారా, చేదుగా తెలిసింది. బ్రెజిల్‌లోని జరారాకా పాము విషాన్ని పరిశీలిస్తూ సెర్జియో ఫెరేరా 1965లో ప్రకటించిన పని ఆధారంగా, ఆంజియోటెన్సిన్ తయారీని ఆపే మాత్ర వచ్చింది. క్యాప్టోప్రిల్ అనే ఆ మందుకి 1981లో అమెరికాలో అనుమతి దొరికింది. రక్తపోటుకీ, మధుమేహం వల్ల మూత్రపిండాలు చెడిపోకుండా కాపాడడానికీ ఈ జాతి మందులు ఎంతో మేలు చేశాయి. అయితే గర్భవతులు వాడినప్పుడు కొందరు బిడ్డలు మూత్రమే రాకుండా పుట్టారు. ఉమ్మనీరులో ఎక్కువ భాగం బిడ్డ మూత్రమే కాబట్టి అది ఇంకిపోయింది. నీరు లేక ఊపిరితిత్తులు ఎదగలేదు. పుర్రె ఎముకలు పల్చబడ్డాయి. ఎరిత్రోపొయిటిన్ మాయని దాటదు గాని ఈ మందు దాటుతుంది. 1992లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ గర్భం నాలుగో నెల నుంచి వీటి వాడకంపై గట్టి హెచ్చరిక వేయించింది.

2005లో దీనికి జన్యుపరమైన సాక్ష్యం కూడా దొరికింది. ఏ మందూ వాడని తల్లుల బిడ్డలు కొందరు అవే లక్షణాలతో పుట్టారు. వాళ్ళలో రెనిన్, ఆంజియోటెన్సిన్ గొలుసుకి చెందిన జన్యువులే చెడిపోయి ఉన్నాయి. అంటే పెద్దవాళ్ళలో రక్తపోటు దిద్దే ఈ గొలుసే, కడుపులో బిడ్డ రక్తపోటుని నిలబెడుతూ ఆ మూత్రపిండాన్ని సక్రమంగా కట్టడానికి కూడా కావాలన్నమాట.

ఇది మన ఇళ్ళకి దూరమైన సంగతి కాదు. చదువులూ, ఉద్యోగాలూ, వీసాలూ తేలేసరికి మన అమ్మాయిల్లో చాలామందికి పిల్లలు పుట్టే వయసు ముప్పై దాటుతోంది. రక్తపోటు, మధుమేహం మన కుటుంబాల్లో కొత్త కాదు. పేరు చివర "ప్రిల్" అనో "సార్టాన్" అనో ఉన్న మాత్ర వాడుతున్న స్త్రీ గర్భం ధరించాలనుకుంటే, ఆ సంగతి ముందే వైద్యుడికి చెప్పాలి. గర్భంలో వాడదగ్గ మిథైల్‌డోపా, లాబెటలాల్, నిఫెడిపిన్ వంటి మందులున్నాయి. సొంతంగా మాత్రలు మానెయ్యడం కూడా ప్రమాదమే, మార్చవలసినది వైద్యుడు. ఇండియా నుంచి తెచ్చుకున్న మందుల డబ్బాలో ఏముందో ఇక్కడి వైద్యుడికి చూపించడం నామోషీ కాదు.

పుట్టింటి వాకిలి

అప్పగింతలయ్యాక ఆడపిల్లకి పుట్టింటి వాకిలి మూసుకుపోదు. కాలేయం కూడా ఈ పనిని పూర్తిగా మరిచిపోదు. పెద్దవాళ్ళలో కూడా పదో వంతు దాకా ఎరిత్రోపొయిటిన్ అక్కడి నుంచే వస్తుంది. 2010లో ఒక పరిశీలన ఈ విషయంలో ఆశ్చర్యం కలిగించింది. రెండు మూత్రపిండాలూ తీసేసిన డయాలిసిస్ రోగులకి, కణాలు ప్రాణవాయువు కొరత ఉందని భ్రమపడేలా చేసే ఒక మందు ఇచ్చారు. వాళ్ళ రక్తంలో ఎరిత్రోపొయిటిన్ పెరిగింది. మూత్రపిండాలు లేని ఒంట్లో దాన్ని తయారు చేసినది, ఎన్నో ఏళ్ళ కిందట ఆ పని అప్పగించేసిన కాలేయమే. ఆ జాతి మాత్రలకి 2018లో చైనాలో, 2019లో జపానులో, 2023లో అమెరికాలో అనుమతులు వచ్చాయి.

గొర్రెపిల్లల మీద 1977లో ప్రయోగం చేసినవాళ్ళు ముసలి రోగులకి మాత్ర కనిపెట్టాలని బయల్దేరలేదు. పుట్టకముందు ఆ పని ఎవరు చేస్తారని మాత్రమే అడిగారు. దానికి దొరికిన జవాబు నలభై ఏళ్ళ తరవాత, పిండదశలో కాలేయం నేర్చిన విద్యని మళ్ళీ మేల్కొలిపే మందు రూపంలో ఆస్పత్రికి చేరింది.